టామీ, నల్లోడు, వంటకుండ: కుక్కల పేర్ల వెనుక కథ

మన ఊళ్లలో "టామీ" అని గట్టిగా కేకేస్తే ఒకటికి రెండు కుక్కలు తోక ఊపుకుంటూ వస్తాయి. "రాజూ" అని పిలిస్తే కుక్కతో పాటు పక్కింటి అబ్బాయి కూడా తొంగిచూస్తాడు. బక్కచిక్కిన కుక్కకు "భీముడు" అనీ, చీమను చూసినా జంకే కుక్కకు "టైగర్" అనీ పేరు పెట్టేవాళ్లున్నారు. ఈమధ్య లడ్డూ, బిస్కట్, పకోడీ, చాక్లెట్ కూడా కుక్కల పేర్లయ్యాయి. వింటే నవ్వొస్తుంది. అయితే ఈ పేర్ల వెనుక భాషాశాస్త్రం, చరిత్ర, ధ్వనిశాస్త్రం, జంతు ప్రవర్తన అన్నీ కలిసి ఉన్నాయి. వాటిని పరిశీలించడానికి మన దేశంలో అండమాన్, నికోబార్ దీవుల కంటే మంచి చోటు దొరకదు. ఎందుకంటే ఆ దీవుల్లో సగభాగానికి 19వ శతాబ్దం మధ్య వరకు కుక్క అంటే ఏమిటో తెలియదు!

కుక్క లేని దీవులు

మనిషి తోడేలును మచ్చిక చేసి కుక్కగా మార్చుకుని కనీసం 15 వేల సంవత్సరాలైందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఆ తర్వాత మనిషి వెళ్లిన ప్రతిచోటికీ కుక్క కూడా వెళ్లింది. కానీ కొన్ని చోట్ల సముద్రం అడ్డం వచ్చింది. ఆస్ట్రేలియాకు డింగో అనే కుక్క మూడు వేల ఏళ్లకు పూర్వమే చేరింది. దాని పక్కనే ఉన్న టాస్మానియా దీవికి మాత్రం చేరలేకపోయింది. అప్పటికే సముద్రమట్టం పెరిగి టాస్మానియా ప్రధాన భూభాగం నుంచి విడిపోయింది కదా! అక్కడి ఆదివాసులు కుక్కను మొదటిసారి చూసింది 19వ శతాబ్దం ఆరంభంలో, యూరోపియన్లు వచ్చాకే.

అండమాన్ కథ కూడా ఇటువంటిదే. గ్రేట్ అండమానీయులు, ఓంగేలు, జరవాలు, సెంటినెలీలు వేల సంవత్సరాలుగా బయటి ప్రపంచానికి దూరంగా జీవించారు. విల్లంబులతో అడవి పందులను వేటాడారు. సముద్రంలో చేపలు, తాబేళ్లు పట్టారు. వేటలో సాయానికి వాళ్ల దగ్గర కుక్క లేదు. 1858లో బ్రిటిషు ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం ఏర్పాటు చేసింది. ఈ పట్టణానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ స్థావరంతో పాటే కుక్కలు అండమాన్‌లో అడుగుపెట్టాయని అక్కడి ప్రజలను అధ్యయనం చేసిన మానవశాస్త్రజ్ఞులు రాశారు. గ్రేట్ అండమానీయులు కుక్కను ఎంతో ఇష్టంగా చేరదీశారు. దట్టమైన అడవిలో పంది జాడ పట్టడానికి కుక్క ముక్కును మించిన సాధనం ఏముంటుంది? కాలక్రమంలో లిటిల్ అండమాన్‌లోని ఓంగేలు కూడా కుక్కలను పెంచుకున్నారు.

ఇక అండమాన్‌కు దక్షిణంగా, సుమారు 150 కిలోమీటర్ల వెడల్పున్న టెన్ డిగ్రీ ఛానల్ దాటితే నికోబార్ దీవులు వస్తాయి. అక్కడ పరిస్థితి పూర్తిగా వేరు. నికోబారీల భాష ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబానికి చెందినది. మన దేశంలోని సంతాలీ, ముండారీ, ఖాసీ భాషలూ, కంబోడియాలోని ఖ్మేర్ భాషా దీనికి దూరపు బంధువులు. నికోబారీలకు కుక్క, పంది, కోడి పాతకాలం నుంచి తెలుసు. కుక్కకు వాళ్ల భాషలో "ఆమ్" అనే పొట్టి మాట ఉంది. అంతేకాదు, తమ వంశానికి మూలం ఒక కుక్క అని చెప్పే పురాణకథ కూడా కార్ నికోబార్‌లో ఉంది. ఒకే కేంద్రపాలిత ప్రాంతంలో ఒక దీవి ప్రజలకు కుక్క నిన్నగాక మొన్న వచ్చిన అతిథి. ఇంకో దీవి ప్రజలకు అది ముత్తాత!

కొత్త జంతువుకు మాట ఎక్కడిది?

ఎన్నడూ చూడని జంతువు ఎదురైతే దాన్ని ఏమని పిలవాలి? ప్రపంచంలో ఈ చిక్కు చాలామందికి వచ్చింది. సాధారణంగా జనం తమకు తెలిసిన జంతువు పేరునే కొత్తదానికి తగిలిస్తారు. ఉత్తర అమెరికా మైదానాల్లోని లకోటా తెగవారికి కుక్క తెలుసు, గుర్రం తెలియదు. స్పెయిన్ వారి ద్వారా గుర్రం వచ్చినప్పుడు దాన్ని "పవిత్రమైన కుక్క" అని అర్థం వచ్చే మాటతో పిలిచారు. బ్లాక్‌ఫుట్ తెగవారు దాన్ని "దుప్పి కుక్క" అన్నారు. బరువులు మోయడం అంతకుముందు కుక్క చేసే పని. పరిమాణమేమో దుప్పిది. కాబట్టి ఆ పేరు సరిగ్గా అతికింది.

మాటల పుట్టుకలో వింతలకు లోటు లేదు. ఇంగ్లీషులో కుక్కకు వాడే "డాగ్" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో భాషాశాస్త్రజ్ఞులు ఈనాటికీ తేల్చలేకపోయారు. పాత ఇంగ్లీషులో అసలు మాట "హుండ్". ఇంకా చిత్రం ఏమిటంటే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో బబరమ్ అనే ఆదివాసీ భాషలో కూడా కుక్కను "డాగ్" అనే అంటారు. ఇది ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకున్న మాట కాదు. ఆ ప్రాంతపు ఇతర భాషల్లోని మాటలతో పోల్చి, ధ్వని మార్పుల ద్వారా అది సహజంగానే ఆ రూపం పొందిందని భాషాశాస్త్రజ్ఞుడు డిక్సన్ నిరూపించాడు. రెండు మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన అవి చుట్టాలు కావని విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

నాలుగు వేల ఏళ్ల నాటి 'వంటకుండ'

జంతువు జాతికి పేరు ఒకటి, ఒక్కొక్క కుక్కకు పెట్టుకునే పేరు మరొకటి. ఈ రెండో అలవాటు ఎంత పాతది?

ఈజిప్టును సుమారు నాలుగు వేల ఏళ్ల క్రితం పాలించిన రెండవ ఇంటెఫ్ అనే రాజు తన సమాధి శిలాఫలకంపై తన కుక్కల బొమ్మలు చెక్కించాడు. ఒక్కొక్క బొమ్మ పక్కన పేరు కూడా ఉంది. ఆ పేర్లు ఈజిప్టు భాషవి కావు, పశ్చిమాన ఉన్న బెర్బర్ ప్రజల భాషవి. అందుకే రాజు వాటికి అర్థాలు కూడా రాయించాడు. ఒకదాని పేరుకు అర్థం "జింక", ఇంకొకటి "నల్లది", మరొకటి "వంటకుండ"! ఈ ఫలకం మనకు రెండు సంగతులు చెబుతోంది. కుక్కకు నవ్వు పుట్టించే పేరు పెట్టడం నేటి ఫ్యాషన్ కాదు. కుక్కకు పరాయి భాష పేరు పెట్టి గొప్పగా చెప్పుకోవడం కూడా మన టామీలు, జిమ్మీలతో మొదలు కాలేదు.

మన వేద సాహిత్యంలో ఇంద్రుడి ఆడకుక్క పేరు సరమ. యముడి దగ్గరున్న రెండు కుక్కలు శ్యామం, శబలం. శ్యామం అంటే నల్లది, శబలం అంటే మచ్చలది. అంటే యమధర్మరాజు వాకిట కాపలా ఉన్నది మన పల్లెల్లోని "నల్లోడు", "మచ్చలోడు" అన్నమాట. ఒంటి రంగును బట్టి పేరు పెట్టడం అన్ని కాలాల్లో, అన్ని చోట్లా కనిపించే పద్ధతి.

గ్రీకు రచయిత జెనొఫోన్ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో వేటను గురించి ఒక గ్రంథం రాశాడు. వేటకుక్కలకు పొట్టి పేర్లు పెట్టాలనీ, అప్పుడే సులువుగా పిలవగలమనీ అందులో సలహా ఇచ్చి 47 పేర్ల జాబితా చేర్చాడు. "ప్రాణం", "ధైర్యం" వంటి అర్థాలున్న పేర్లు అందులో ఉన్నాయి.

అంతరిక్షంలోకి వెళ్లిన కుక్కకూ ఇటువంటి చరిత్రే ఉంది. 1957 నవంబరులో స్పుత్నిక్-2లో భూమి చుట్టూ తిరిగిన కుక్కను ప్రపంచం "లైకా" అంటుంది. రష్యన్ భాషలో ఆ మాటకు "మొరిగేది" అని అర్థం. శాస్త్రజ్ఞులు దాన్ని అంతకుముందు "కుద్ర్యావ్కా" అని పిలిచేవారు. అంటే "ఉంగరాల జుట్టుది". మాస్కో వీధుల్లో దొరికిన ఆ కుక్క తిరిగి రాలేదు, పేరు మాత్రం మిగిలింది.

దీవుల్లో కలిసిన భాషలు

మళ్లీ అండమాన్‌కు వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువ మంది మాతృభాష తెలుగు. సుమారు 13 శాతం మంది తెలుగువారు. వీరే కాక మలయాళీలు, ఛోటానాగ్‌పూర్ నుంచి వచ్చిన కూలీల వారసులు, బర్మా నుంచి వచ్చి 1925లో స్థిరపడిన కరెన్ ప్రజలు, నికోబారీలు ఉన్నారు. అందరినీ కలిపే భాష హిందీ.

ఇలాంటి చోట కుక్కకు పెట్టే పేరు ఇరుగుపొరుగు నాలుకలన్నింటికీ లొంగాలి. తెలుగువారి "నల్లోడు" హిందీలో, బెంగాలీలో "కాలూ". తమిళంలో "కరుప్పన్". నాలుగు భాషల్లోనూ అర్థం ఒకటే. కానీ కుక్కకు అర్థంతో పనిలేదు, శబ్దమే పేరు. నల్లోడిని కాలూ అని పిలిస్తే అది కదలదు. అందుకే టామీ, జిమ్మీ, టైగర్ వంటి పేర్లు ఇంతగా వ్యాపించాయి. అవి ఎవరి మాతృభాషకూ చెందినవి కావు కాబట్టి అందరివీ అయ్యాయి.

పేర్లు నిషిద్ధమైతే?

పేరును మనుషులు ఎంత తీవ్రంగా తీసుకుంటారో చూడాలంటే నికోబార్‌కు వెళ్లాలి. 19వ శతాబ్దంలో అక్కడ పనిచేసిన డేనిష్ అధికారి డి రోప్‌స్టార్ఫ్ నాంకౌరీ భాషకు నిఘంటువు తయారుచేశాడు. అది ఆయన మరణానంతరం 1884లో కలకత్తాలో అచ్చయింది. ఆయన ఒక వింత ఆచారాన్ని నమోదు చేశాడు. మనిషి చనిపోయాక అతడి పేరును ఎవరూ పలకకూడదు. అంతవరకైతే ఇబ్బంది లేదు. కానీ అక్కడి మనుషుల పేర్లు చాలావరకు మామూలు మాటలే. కోడి, టోపీ, నిప్పు, దారి వంటివి! "నిప్పు" అనే మనిషి పోతే ఇక ఆ ఊళ్లో నిప్పును నిప్పు అనకూడదు. దానికి కొత్త మాట కల్పించాలి, లేదా పొరుగు మాండలికం నుంచో విదేశీ భాష నుంచో తెచ్చుకోవాలి.

దీని ఫలితం ఊహించండి. ఒక్కొక్క చావుతో ఒక్కొక్క మాట భాష నుంచి తొలగిపోతుంది. కొన్ని తరాలు గడిచేసరికి పక్కపక్క దీవుల మాటలు ఒకదానికొకటి పోలిక లేకుండా పోతాయి. మన బిస్కట్ అనే కుక్క చనిపోతే బాధపడతాం. కానీ దుకాణానికి వెళ్లి బిస్కట్ అడగడం మానం. నికోబార్ ఆచారంలో పేరు కేవలం చీటీ కాదు, మనిషిలో ఒక భాగం.

గ్రేట్ అండమానీయుల్లో బిడ్డ పుట్టకముందే, కడుపులో ఉండగానే పేరు పెట్టే ఆచారం ఉండేది. ఆడపిల్ల ఈడేరినప్పుడు ఆ రోజుల్లో అడవిలో ఏ చెట్టు పూస్తుంటే ఆ పువ్వు పేరు కూడా చేర్చేవారు. 1906 నుంచి 1908 వరకు అక్కడ పరిశోధన చేసిన రాడ్‌క్లిఫ్ బ్రౌన్ ఈ సంగతులు వివరంగా రాశాడు. ఆ భాషల్లో ఒకటైన "బో" భాష మాట్లాడే చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో మరణించింది. భాష పోతే పువ్వుల పేర్లు, చేపల పేర్లు, జంతువుల పేర్లు అన్నీ దానితో పోతాయి. ఆ అడవిని, సముద్రాన్ని వేల ఏళ్లుగా గమనించిన జ్ఞానం కూడా పోతుంది.

కుక్క తన పేరును ఎలా పోల్చుకుంటుంది?

"టామీ" అంటే తానేనని కుక్కకు తెలుసా? "నా పేరు టామీ" అని అది అనుకుంటుందని చెప్పడానికి ఆధారం లేదు. ఆ శబ్దం వినిపించినప్పుడల్లా అన్నమో, ఆటో, నిమరడమో జరుగుతుంది. కాబట్టి ఆ శబ్దం వినగానే అటు శ్రద్ధ పెట్టాలని నేర్చుకుంటుంది. దీన్నే సాహచర్య అభ్యసనం అంటారు.

అయితే కుక్కల జ్ఞాపకశక్తిని తక్కువగా అంచనా వేయకూడదు. జర్మనీలో రికో అనే బోర్డర్ కోలీ కుక్కకు 200కు పైగా వస్తువుల పేర్లు తెలుసని 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అమెరికాలో చేజర్ అనే కుక్క మూడేళ్ల శిక్షణలో 1022 బొమ్మల పేర్లు నేర్చుకున్నట్టు 2011లో వెల్లడైంది. 2016లో హంగేరీ శాస్త్రజ్ఞులు కుక్కలను మెదడు స్కానింగ్ యంత్రంలో కదలకుండా పడుకునేలా మచ్చిక చేసి పరీక్షించారు. మెచ్చుకునే మాటను మెచ్చుకునే గొంతుతో అన్నప్పుడే మెదడులోని సంతోష కేంద్రం బాగా స్పందించింది. అంటే కుక్క మాటనూ, గొంతునూ రెండింటినీ లెక్కలోకి తీసుకుంటుంది.

2019లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో మరో ప్రయోగం జరిగింది. అనేకమంది మాట్లాడుతున్న గోల మధ్య కుక్క పేరును వినిపించారు. పేరు, గోల ఒకే స్థాయిలో ఉన్నా కుక్కలు తమ పేరును పోల్చుకున్నాయి. చేపల బజారులో పిలిచినా కుక్క ఎందుకు పరుగెత్తుకొస్తుందో ఇప్పుడు తెలిసింది కదా!

దీనికీ ఒక హద్దు ఉంది. 2020లో హంగేరీలోనే జరిగిన పరిశోధనలో తెలిసిన మాటనూ, దానికి ఒక్క ధ్వని మాత్రమే తేడా ఉన్న అర్థం లేని మాటనూ వినిపించి మెదడు విద్యుత్ తరంగాలను కొలిచారు. ఆ రెండింటి మధ్య కుక్కల మెదడు తేడా చూపలేదు. కాబట్టి ఇంట్లో "చిట్టి" అనే పాప ఉంటే కుక్కకు "కిట్టి" అని పేరు పెట్టకపోవడం మంచిది.

తెలుగు పిలుపులోని సౌలభ్యం

పేరు ఎలా ఉంటే పిలవడానికి బాగుంటుంది? పొట్టిగా, రెండు మూడు అక్షరాల్లో ఉండాలని జెనొఫోన్ కాలం నుంచీ శిక్షకులు చెబుతున్నారు. క, చ, ట, త, ప అనే పరుషాలతో మొదలైతే మంచిదని కూడా కొందరంటారు. వీటిని పలికేటప్పుడు ఆగిన గాలి ఒక్కసారిగా బయటికి వస్తుంది. ఆ చిన్న పేలుడులో ఎక్కువ పౌనఃపున్యం గల ధ్వనులు ఉంటాయి. మనిషి చెవి సుమారు 20 వేల హెర్ట్జ్ వరకే వినగలదు. కుక్క చెవి సుమారు 45 వేల హెర్ట్జ్ దాకా వింటుంది. అయినా ఇది తప్పనిసరి నియమం కాదు. "రాజు", "లాలూ" అనే పేర్లు గల కుక్కలూ చక్కగా పలుకుతాయి.

దూరానికి వినిపించాలంటే మాత్రం అచ్చులు కావాలి. హల్లు క్షణంలో ముగిసిపోతుంది. అచ్చును ఊపిరి ఉన్నంతసేపు సాగదీయవచ్చు. ధ్వనిశక్తిలో ఎక్కువ భాగం అచ్చులోనే ఉంటుంది. ఇక్కడ తెలుగుకు ఒక సౌలభ్యం ఉంది. మన భాష అజంతం, అంటే మాటలు అచ్చుతో ముగుస్తాయి. అందుకే "టైగర్" మన నోట "టైగరూ..." అవుతుంది, "సీజర్" "సీజరూ..." అవుతుంది. సంబోధనలో "నల్లోడు" "నల్లోడా..." అవుతాడు. మన వ్యాకరణం పొలం గట్టు మీద నిలబడి కేకేయడానికి అనువుగా ఉందన్నమాట.

మీరే చేసి చూడండి

మీ పెంపుడు కుక్కతో ఈ ప్రయోగం చేయవచ్చు. దాని పేరు నల్లోడు అనుకుందాం. అదే లయగల నాలుగు మాటలు ఎంచుకోండి: అల్లుడు, తమ్ముడు, పిల్లాడు, దేవుడు. కుక్క తీరికగా పడుకున్నప్పుడు, దానికి కనబడకుండా, ఒకే గొంతుతో, పదిహేను సెకన్లకు ఒకటి చొప్పున వీటిని చదవండి. మొదటి మాటకు చెవులు కదిలిస్తుంది. తర్వాతి వాటికి స్పందన తగ్గుతూ వస్తుంది. దీన్ని అలవాటు పడటం అంటారు. ఐదోసారి "నల్లోడు" అనండి. చెవులో తలో మళ్లీ కదిలితే అది తన పేరును వేరుగా పోల్చుకున్నట్టే. జపాన్ శాస్త్రజ్ఞులు 2019లో పిల్లులు తమ పేర్లు గుర్తిస్తాయని తేల్చింది ఈ పద్ధతితోనే. తర్వాత "గల్లోడు" అని కూడా అని చూడండి. ఫలితాలు పట్టిక వేసి స్నేహితుల ఫలితాలతో పోల్చండి. వీధి కుక్కలతో మాత్రం ఈ ప్రయోగం వద్దు.

పేరు లేని కుక్కలు

కుక్క రాకతో అండమాన్‌లో వేట సులువైంది. కానీ నష్టం కూడా జరిగింది. ఈ దీవుల తీరాల్లో తోలు తాబేలు, పచ్చ తాబేలు, గద్దముక్కు తాబేలు, ఆలివ్ రిడ్లే అనే నాలుగు జాతుల సముద్ర తాబేళ్లు గుడ్లు పెడతాయి. యజమాని లేని కుక్కలు ఇసుక తవ్వి ఆ గుడ్లను తినేస్తాయి. లక్షల ఏళ్లుగా కుక్క అనేదే లేని తీరాల్లో గుడ్లు పెట్టడానికి అలవాటు పడిన తాబేలుకు ఈ కొత్త శత్రువు నుంచి రక్షణ ఏదీ లేదు. అందుకే కొన్ని తీరాల్లో అటవీశాఖ గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పొదిగిస్తుంది.

ఇంకొక సంగతి. దేశంలో రేబిస్ వ్యాధి లేని ప్రాంతాలుగా జాతీయ మార్గదర్శకాలు చాలాకాలంగా పేర్కొంటూ వచ్చినవి రెండే: అండమాన్ నికోబార్, లక్షద్వీప్. సముద్రమే అక్కడ కాపలా. వైరస్ సోకిన కుక్క ఒక్కటి ఓడ దిగినా ఆ కాపలా తెగిపోతుంది. కాబట్టి ప్రధాన భూభాగం నుంచి దీవులకు వెళ్లే ప్రతి కుక్కకూ టీకా తప్పనిసరిగా ఉండాలి. ఇక మన ఊళ్లలోనైతే, కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

తాబేలు గుడ్లు తవ్వే కుక్కకూ, టీకా పడని కుక్కకూ సాధారణంగా పేరుండదు. పేరుంటే పిలిచేవాళ్లుంటారు. పిలిచేవాళ్లుంటే అన్నం పెట్టేవాళ్లు, టీకా వేయించేవాళ్లు, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించేవాళ్లు ఉంటారు. కుక్కపిల్లకు నవ్వొచ్చే పేరు పెట్టడం నిమిషం పని. ఆ పేరును పది పన్నెండేళ్ల పాటు పిలుస్తూ ఉండటమే అసలు పని. లడ్డూ అని పెట్టినా, వంటకుండ అని పెట్టినా కుక్కకు అభ్యంతరం లేదు. పిలుపు ఆగిపోకుండా ఉంటే దానికి చాలు.